ఎకరా 70 సెంట్లకు 5 హెచ్‌పీ సోలార్ మోటారు: మూడున్నరేళ్లు వాడాక

ముందు నా సంగతి చెప్పాలి. చిత్తూరు సంతపేటలో 22 ఏళ్లు మోటార్లు చుట్టాను. కాలిన మోటారును ఆటోలో వేసుకొని రైతు వస్తాడు. విప్పి, కాలిన కాయిల్ బయటికి లాగి, రాగి తూకం వేసి, కొత్త తీగ చుట్టి, నీళ్ల తొట్టిలో ముంచి టెస్ట్ చేసి పంపడం నా పని. మోటారు కాలితే రైతు కడుపు మండుతుంది, మా కడుపు నిండుతుంది. అలాంటి వాడు సోలార్ మోటారు గురించి మంచి మాట రాస్తున్నాడంటే మా వీధిలో పాత మిత్రులకు నవ్వొస్తుంది. నవ్వనీ.

కొట్టు ఇచ్చేసి ఇరాల మండలంలోని మా ఊరికి వచ్చేశాను. నాయన పంచిచ్చిన నేల ఎకరా 70 సెంట్లు. నాలుగు కయ్యలు (మడులు): 60 సెంట్లది, 48ది, 40ది, మూలన 22 సెంట్లది. పాత బోరు 2019లో ఎండిపోయింది. రెండో కొసన కొత్త బోరు వేస్తే 640 అడుగులకు పోయింది, నీళ్లు పడ్డాయి. కానీ కరెంటు లైను అక్కడికి చాలా దూరం. రాయితీ పథకం ఏదైనా వస్తుందేమోనని ఆగే ఓపిక లేక, కొట్టు అమ్మిన డబ్బులోంచి 3,10,000 తీసి 2022 ఫిబ్రవరిలో సోలార్ సెట్టు పెట్టించాను. కంపెనీ పేరు రాయను. ఎందుకో కిందికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

సెట్టు అంటే ఏమేం వచ్చాయో చెప్తాను. 320 వాట్ల ప్యానెళ్లు 15, అంటే మొత్తం 4,800 వాట్లు. వాటికి ఇనుప స్టాండ్లు, ప్యానెళ్ల కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చి ఇచ్చే, గోడకు తగిలించే కంట్రోలర్ పెట్టె, బోరులోకి దిగే 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్. బ్యాటరీ ఉండదు. ఎండ ఉన్నంతసేపే నీళ్లు. మోటారును 420 అడుగుల దగ్గర వేలాడదీశాం. 2021 నవంబరు వానలకు నీళ్లు పైకి వచ్చేసి ఉన్నాయి కాబట్టి మొదటి ఏడాది 90 అడుగులకే అందేవి. ఇప్పుడు 260 అడుగులకు దిగాయి.

నీలం రంగు 200 లీటర్ల డ్రమ్ము ఒకటి ఇంట్లో ఉంది. పైపు దాంట్లో పెట్టి, మా ఆవిడ చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి, నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడమన్నాను. మధ్యాహ్నం 12 గంటలకు 80 సెకన్లు. ఉదయం 9కి రెండున్నర నిమిషాలు. సాయంత్రం 4కు మూడు నిమిషాలు. 5 గంటలకు మోటారు తిరుగుతూనే ఉంది, చెవి పెడితే బోరులో చిన్నగా హమ్మని వినిపిస్తుంది, కానీ చుక్క రాలేదు. ఇది లోపం కాదు. ఎండ తగ్గితే మోటారు వేగం తగ్గుతుంది. వేగం సగమైతే నీళ్లను ఎత్తగలిగే ఎత్తు సగం కాదు, పావే మిగులుతుంది. నీళ్లు పైపులో నడిమధ్య దాకా వచ్చి నిలబడిపోతాయి. షాపువాడు ఈ మాట చెప్పడు, 'ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా' అంటాడు. మా దగ్గర పనికొచ్చే నీళ్లు ఎనిమిదిన్నర నుంచి నాలుగున్నర దాకా. మంచి ఎండ రోజున మొత్తం 45,000 లీటర్ల పైన వస్తున్నాయి. డ్రిప్పు కింద ఎకరా 70 సెంట్ల టమాటాకు, ఎండాకాలంలో కూడా అది సరిపోయి కాస్త మిగులుతుంది.

ఇదే డ్రమ్ము పరీక్ష పాత 7.5 హెచ్‌పీ మోటారుకు కూడా చేసి పెట్టుకున్నాను, ఆ బోరు ఎండిపోక ముందు. మూడుసార్లు నేనే చుట్టిన మోటారు. 330 అడుగుల లోతు నుంచి డ్రమ్ము నిండడానికి 90 సెకన్లు తీసుకునేది, గంటకు 7 యూనిట్లు తాగేది. లెక్క వేస్తే నాకే సిగ్గేసింది. వెయ్యి లీటర్లను 100 మీటర్లు పైకి ఎత్తడానికి లెక్క ప్రకారం కావలసింది 0.27 యూనిట్. నా మోటారు వాడింది 0.88. అంటే నూరు యూనిట్లు పోస్తే 31 మాత్రమే నీళ్లను ఎత్తాయి, తక్కినవి వేడైపోయాయి. ఇసుకకు అరిగిన ఇంపెల్లర్లు (నీళ్లను పైకి నెట్టే చక్రాలు), ఒరిజినల్ కంటే సన్నం తీగతో చుట్టిన కాయిల్, లో ఓల్టేజీ, ఎవరూ బిగించుకోని కెపాసిటర్. సన్నం తీగ ఎందుకు చుట్టావని అడగొద్దు. రైతు తక్కువలో అడుగుతాడు, మేం తక్కువలో చేస్తాం. జిల్లాలో చాలా మోటార్ల కథ ఇదే.

సోలార్ సెట్టుకు అదే లెక్క వేస్తే నూటికి 50కి పైనే వస్తోంది. కొత్త మోటారు, చుట్టింది నేను కాదు.

మరి 2004 నుంచి కరెంటు ఉచితం కదా, బిల్లు రాని కరెంటును వదిలి మూడు లక్షలు ఎందుకు పోశావని ఊళ్లో అందరూ అడిగారు. పక్క చేను మామ అయితే నేరుగా అన్నాడు: "ఏం అబ్బోడా, ఊరికే వచ్చే కరెంటు చేదయిందా నీకు? మబ్బు పట్టినాక ఆ ప్లేట్లు ఏం జేసుకుంటావు?" నిజమే, డబ్బు లెక్కలో ఈ సెట్టు నాకు ఒక్క రూపాయి బిల్లు మిగల్చలేదు. బిల్లే లేనప్పుడు మిగిలేదేముంది? మిగిలింది వేరేది. ఈ మూడున్నరేళ్లలో ఒక్కసారి కూడా మోటారు కాలలేదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయి మోటారు కాలే సింగిల్ ఫేజింగ్ భయం లేదు. కరెంటు వచ్చిన క్షణాన ఊళ్లో ఆటో స్టార్టర్లు పెట్టుకున్న మోటార్లన్నీ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే గోల లేదు. పాత రోజుల్లో రాత్రి కరెంటుకు టార్చిలైటు పట్టుకొని గట్ల మీద నడిచిన వాళ్లకు పగటి నీళ్ల విలువ చెప్పక్కర్లేదు.

బిల్లు లేని కరెంటుకు బొగ్గు లెక్క మాత్రం ఉంటుంది. మన దేశంలో గ్రిడ్డు నుంచి వచ్చే ఒక్క యూనిట్ వెనక సగటున 700 గ్రాముల పైనే కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతోంది. కంట్రోలర్ తెర మీద వచ్చే యూనిట్లను నేను పాత కొట్టు డైరీలో రోజూ రాసుకుంటాను. 2023-24లో నా సోలార్ మోటారు వాడింది 2,640 యూనిట్లు. అన్ని నీళ్లే పాత మోటారు తోడి ఉంటే 4,400 యూనిట్ల దాకా అయ్యేవి. అంటే దాదాపు 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఎకరా 70 సెంట్లకు.

ఇక్కడిదాకా చదివి సోలార్ కొనేద్దామనుకునేవాళ్లు కాస్త ఆగండి. ఆ డైరీలోనే ఇంకో అంకె ఉంది, నన్ను కుదురుగా ఉండనివ్వనిది.

4,800 వాట్ల ప్యానెళ్లు మా ఎండకు రోజుకు సగటున 19 యూనిట్ల దాకా ఇవ్వగలవు. ఏడాదికి 6,900. నేను వాడింది 2,640. నూటికి 38. మిగతాదంతా ప్లేట్ల మీదే పుట్టి ప్లేట్ల మీదే వేడై పోయింది. చెనక్కాయ (వేరుశనగ) పీకేశాక నెల రోజులు మోటారుతో పనే లేదు. అక్టోబరు, నవంబరుల్లో వానలే తడుపుతాయి. డ్రిప్పు మూడు గంటల్లో అయిపోతుంది, ఎండ మాత్రం ఇంకో ఐదు గంటలు కాస్తుంది. బ్యాటరీ లేదు, లైను లేదు, ఎక్కడికి పోవాలి ఆ కరెంటు? పైగా ఆ ప్లేట్లు తయారుచేయడానికీ ఎక్కడో బొగ్గు కాలే ఉంటుంది. పూర్తిగా వాడుకుంటే ఒకటి రెండేళ్లలో ఆ బాకీ తీరుతుందంటారు. నాలాగా మూడో వంతు కాస్త పైన వాడితే రెండున్నర రెట్ల పైన కాలం పట్టదా?

తప్పు ప్యానెల్‌ది కాదు. నాకున్న నేలది. బోరు 640 అడుగులు పోయినప్పుడు మోటారు సైజును తేల్చేది నేల కాదు, లోతు. పదకొండెకరాల మామకూ ఆ లోతుకు అలాంటి మోటారే కావాలి, 22 సెంట్ల కయ్య ఉన్నవాడికీ అదే కావాలి. ఎకరాకు తగ్గ చిన్న మోటారు ఉంది కదా అంటారు. ఉంది, 2 హెచ్‌పీ కూడా దొరుకుతుంది. కానీ మా లోతుకు అది తెచ్చే నీళ్లు డ్రిప్పు పైపులో ప్రెజరు నిలపలేవు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన రాష్ట్రంలో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే 2 ఎకరాల 32 సెంట్లు. నేను ఆ సగటుకు కూడా అందను. దేశం మొత్తం చూసుకుంటే 1970-71లో 2.28 హెక్టార్లున్న సగటు కమతం 1.08కి వచ్చేసింది. నేల చిన్నదవుతూ వచ్చింది, బోర్లు లోతవుతూ వచ్చాయి, యంత్రాలు పెద్దవవుతూ వచ్చాయి.

ట్రాక్టరు సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మాకు దున్నే ట్రాక్టరు మూడు కిలోమీటర్ల నుంచి వస్తుంది, గంటకు 1,300. పోయిన ఏడాది రోటవేటరు వేయించినప్పుడు గట్టు మీద కూర్చొని టైము చూశాను. నా నాలుగు కయ్యలకు 2 గంటల 40 నిమిషాలు. అదే వారం మామ నాలుగెకరాల బిట్టుకు 4 గంటల 15 నిమిషాలు. ఎకరా లెక్కన నాకు 94 నిమిషాలు, ఆయనకు 64. డ్రైవరు కుర్రాడు పాపం ఆలస్యం చేయలేదు. 22 సెంట్ల కయ్యలో ముందుకు పోయినంతసేపు మలుపులకే పోయింది. రోటవేటరు ఎత్తాలి, వెనక్కి రావాలి, గట్టు తగలకుండా తిప్పాలి, మళ్లీ దించాలి. మూలలు ఎలాగూ అందవు, అక్కడ పార పట్టాల్సింది మా ఆవిడే. గంటకు ఐదున్నర లీటర్లు తాగుతుందని డ్రైవరే చెప్పాడు. ఒక లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఎకరాకు నాది 23 కిలోలు, మామది 16 లోపే. చిన్న రైతు అంటే ప్రకృతికి దగ్గరగా ఉంటాడని వేదికల మీద చెప్పేవాళ్లు ఒకసారి మా మూల కయ్యలో ట్రాక్టరు వెనక్కి తిరగడం చూడాలి.

అలాగని పెద్ద రైతు శుద్ధమైనవాడు అనడం లేదు. మామ చేనుకు యూరియా లారీ లెక్కన దిగుతుంది. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల చిల్లర. అందులో నూటికి ఒక పాలు నేలలోంచి నైట్రస్ ఆక్సైడ్‌గా లేస్తుందని లెక్క కడతారు. ఒక పాలే కదా అనిపిస్తుంది, కానీ ఆ గ్యాసు ఒక కిలో, కార్బన్ డయాక్సైడ్ 273 కిలోలతో సమానం. అలా ఒక్కో బస్తా నుంచి 90 కిలోల దాకా లేస్తుంది, ఫ్యాక్టరీలో కాలిన గ్యాసు దీనికి వేరే. డ్రిప్పులో కరిగించి ఇవ్వడం మొదలుపెట్టాక నాకు నాలుగు బస్తాల చోట రెండే పడుతున్నాయి. తిరుపతి వ్యవసాయ పరిశోధనా స్థానం ఇచ్చిన ధరణి రకం చెనక్కాయ వేసినప్పుడు ఆ రెండు కూడా అక్కర్లేదు, చెనక్కాయ వేర్లే గాల్లోంచి నత్రజని పట్టుకుంటాయి. ఇలాంటి పొదుపు నాలాంటి వాడికే కుదురుతుంది. ఆకు పచ్చదనం చూసి ఈ వరుసకు వద్దు, ఆ వరుసకు చాలు అనుకుంటూ తిరగడానికి నాకు ఎకరా 70 సెంట్లే కదా. పదకొండెకరాల్లో కూలీ చేతికి బొక్కెన ఇచ్చి చల్లమంటాం.

ఇంతకూ మా ఇంటి లెక్కలో పెద్దది మోటారూ కాదు, ట్రాక్టరూ కాదు, కొట్టంలో ఉంది. రెండు సీమావులు. ఒక్కో ఆవు ఏటా 60 కిలోలకు అటూ ఇటూ మీథేన్ వదులుతుంది, చాలావరకు తేనుపుల్లోనే. ఒక కిలో మీథేన్‌ను 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌గా లెక్కిస్తారు. రెండింటికీ కలిపి 3 టన్నుల పైమాటే. నేను మూడు లక్షలు పోసి ఆపిన బొగ్గు పొగంతా ఒక వైపు, మా కొట్టంలో నెమరు ఇంకో వైపు. ఈ మాట డైరీలో రాస్తుంటే మా ఆవిడ చూసింది. "ఆవు తేనుపు కూడా లెక్క రాస్తావా? అట్లే నువ్వు రాత్రి గుర్రు పెట్టేది కూడా రాసుకో. నెలనెలా పాల డబ్బు వచ్చినప్పుడు ఈ పుస్తకం తియ్యాకు." ఆమె మాట కొట్టేయలేను. పూటకు ఐదు లీటర్లిచ్చే ఆవు పాలలో లీటరుకు పడే మీథేన్, రోజంతా కలిపి రెండు లీటర్లిచ్చే ఆవు కంటే చాలా తక్కువ. తలకు ఎంత అని కాదు, లీటరుకు ఎంత అని అడిగితే మా ఆవులు కాస్త తలెత్తుకోగలవు.

సరే, సర్వీసు. ఇక్కడ కంపెనీ పేరు ఎందుకు రాయలేదో చెప్తాను. రాస్తే గొడవ అవుతుంది.

2023 మే రెండో వారంలో ఓ సాయంత్రం ఉరుములతో గాలివాన వచ్చింది. తెల్లారి కంట్రోలర్ తెర మీద ఎర్ర అంకె. మోటారు కదల్లేదు. క్లాంప్ మీటరు (తీగలో కరెంటు కొలిచేది) పెట్టి చూశాను, ప్యానెళ్ల నుంచి కరెంటు పెట్టెలోకి పోతోంది, పెట్టెలోంచి బయటికి రావడం లేదు. లోపలి బోర్డు పోయింది. ఫోన్ చేశాను. అయిదేళ్ల గ్యారంటీ ఉంది. తిరుపతి నుంచి మనిషి వస్తాడన్నారు. మూడు రోజులు చూసి మళ్లీ చేస్తే అవతలి కుర్రాడు, "సార్, మీది చిత్తూరు జిల్లా కదా, మేం తిరుపతి జిల్లా వరకే" అన్నాడు. నేను సెట్టు కొన్నది 2022 ఫిబ్రవరిలో. అప్పుడు తిరుపతి కూడా చిత్తూరు జిల్లానే. ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కలెక్టరాఫీసు పంచుకున్నట్టు వీళ్లు నా గ్యారంటీని కూడా పంచేసుకున్నారు. చిత్తూరుకు ఎవరు అంటే వేలూరు పేరు చెప్పారు, వేలూరు వాళ్లు అరవంలో మాట్లాడి బెంగళూరు నంబరు ఇచ్చారు.

బోర్డు వచ్చింది 17వ రోజున. 48 సెంట్ల కయ్యలో టమాటా పూత మీదుంది. మామ దయతలిచి సాయంత్రం పూట తన పైపు ఒక గంట తిప్పాడు కాబట్టి సగం చెట్లు బతికాయి. "ఏం అబ్బోడా, చెప్తినే" అని మాత్రం అన్నాడు, రోజూ.

22 ఏళ్ల పని చేసినవాణ్ని, నాకు బాగా మంటెక్కింది ఇక్కడే. పాత మోటారు కాలితే చిత్తూరులో కానీ పాకాలలో కానీ ఏదో ఒక కొట్టుకు పోతే రెండో రోజుకు బోరులో దిగుతుంది. ఈ పెట్టె విప్పితే గ్యారంటీ పోతుంది, విప్పినా బోర్డు మీద నల్లటి జిగురు పోసేసి ఉంటుంది. ఏ తీగ ఎక్కడికి పోతోందో మా గురువు కూడా చెప్పలేడు. పల్లెలో బాగు చేసుకోలేని వస్తువును పల్లెకు అమ్మేటప్పుడు కనీసం ఒక స్పేర్ పెట్టె జిల్లా కేంద్రంలో ఉంచాలి. వచ్చిన కుర్రాడు మాత్రం మంచివాడు. ఎండలో బండి మీద వచ్చి, మజ్జిగ తాగి, ఎర్తింగు గుంతలో ఉప్పు, బొగ్గు కొత్తగా వేయించి, పిడుగుకు అడ్డం పెట్టే చిన్న పరికరం తన చేతి నుంచే బిగించి పోయాడు. ఆ తర్వాత రెండు గాలివానా కాలాలు దాటాయి, ఏమీ కాలేదు.

చిన్న తలనొప్పి ఇంకోటి ఉంది, నెమళ్లు. గుట్ట మీది నుంచి దిగి పొద్దున్నే ప్లేట్ల మీద కూర్చుంటాయి. చూడ్డానికి బాగుంటుంది. 15 ప్లేట్లూ ఒకే వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద రెట్ట ఎండిపోతే వరుసంతా నీరసిస్తుంది. ఏప్రిల్‌లో ఓ రోజు నీళ్లు తగ్గాయని బోరునే తిట్టుకున్నాను, చూస్తే మూడో ప్లేటు మీద అరచేయంత మరక. తుడిచి డ్రమ్ము పెడితే 92 సెకన్ల నుంచి 81కి వచ్చింది. తుడవడం పొద్దున చల్లగా ఉన్నప్పుడే. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగలొచ్చు.

మళ్లీ ఆ 38 శాతం దగ్గరికి వస్తాను, ఎందుకంటే దాని కథ మారింది. మా కయ్యలకు ఆనుకొని ఒక వదినకు 90 సెంట్లు ఉంది. బావిలో ఆయిల్ ఇంజను పెట్టి నీళ్లు తోడేది. ఏటా 110 లీటర్ల డీజిల్ అయ్యేది, ఇంజను బెల్టు తెగితే ఊళ్లోకి పరుగు. ఆమెకు పక్కన 80 సెంట్ల అన్నదమ్ములు. 2024 జులైలో మూడిళ్ల వాళ్లం కూర్చున్నాం. పైపులు వాళ్లవి, నీళ్లు నావి. మధ్యాహ్నం ఒంటిగంట దాకా నా డ్రిప్పు, అక్కడి నుంచి గేటువాల్వు తిప్పితే ఒక రోజు వదినకు, ఒక రోజు వాళ్లకు. డబ్బు వద్దన్నాను. నీళ్లు అమ్మావంటే రేపు మాట వస్తుంది. వదిన గట్ల మీద పచ్చిగడ్డి మా ఆవులకు కోసుకోమంది, వాళ్లు కోతకు మనుషులను సాయం పంపుతున్నారు. ఆయిల్ ఇంజను ఇప్పుడు కోళ్లకు గూడు. ఆ 110 లీటర్లే 295 కిలోల కార్బన్ డయాక్సైడ్.

2024-25 డైరీలో యూనిట్లు 4,350. నూటికి 63. అవే ప్లేట్లు, అదే మోటారు. ఎకరా 70 సెంట్లకు పెద్దదైన సెట్టు 3 ఎకరాల 40 సెంట్లకు సరిగ్గా అమరింది. ట్రాక్టరు కూడా ఇప్పుడు ముగ్గురికీ ఒకేరోజు పిలుస్తున్నాం, రానూపోనూ మూడేసి కిలోమీటర్లు రెండుసార్లు తగ్గాయి. మధ్య గట్టు తీసేద్దామా అని ఒకరోజు మాటొచ్చింది. ఎవరూ బదులివ్వలేదు. గట్టు తీయడమంటే మా వైపు మామూలు సంగతి కాదు.

దీనికీ ఒక భయం ఉంది, దాచను. ఎక్కువ తోడితే నీళ్లు ఇంకా దిగుతాయి. ఎండ ఊరికే వస్తోంది కదా అని రోజంతా వదిలితే ఉచిత కరెంటుకూ ఉచిత ఎండకూ తేడా ఏముంది? అందుకే ముగ్గురమూ డ్రిప్పే, కయ్య నింపడం లేదు. వదినకు వరి వేయాలని ఉంది. నేనే ఇంకా సరే అనలేదు.

మిగిలిన ఆ 37 శాతం మీద కూడా నా కన్ను ఉంది. గడ్డి కోసే మిషన్ 2 హెచ్‌పీ మోటారుతో నడుస్తుంది. నీళ్ల మోటారు ఆపినప్పుడు ఆ ప్యానెళ్లతోనే దాన్ని తిప్పే కంట్రోలర్లు ఉన్నాయి, యూనివర్సల్ కంట్రోలర్ అంటారు. గడ్డి మిషను, పిండిమర ఏదైనా పెట్టుకోవచ్చు. కొత్తగా కొనేవాళ్లు ముందే అదే అడగండి, తర్వాత మార్చాలంటే ఖర్చు. పాత పెట్టెకే తీగలు మార్చి మిషను తగిలించిన మొనగాడొకడు మా మండలంలోనే ఉన్నాడు. పేరు చెప్పను, గ్యారంటీ ఇంకా నడుస్తోంది.

కొనాలనుకునేవాళ్లకు నా మార్కులు. మోటారుకు 5కు 4. ప్యానెళ్లకు నాలుగున్నర. కంట్రోలర్‌కు 2. సర్వీసుకు సున్నా ఇవ్వాలి, ఆ మజ్జిగ తాగిన కుర్రాడి కోసం 1. కరెంటు లైను గట్టు మీదే ఉండి, నేల రెండెకరాల లోపు ఉండి, పంచుకోవడానికి ఎవరూ లేకపోతే ఇది కొనొద్దు. ముందు పాత మోటారును బోరులోంచి తీయించి, అరిగిన ఇంపెల్లర్లు మార్పించి, కెపాసిటర్ పెట్టించండి. మంచి తీగ చుట్టమని కొట్టువాడితో గట్టిగా చెప్పండి. తూకం ముందే అడగండి. లైను దూరమై, పక్కన ఒకరిద్దరు కలిసొచ్చే వాళ్లుంటే కొనండి, కానీ స్పేర్ బోర్డు ఏ ఊళ్లో ఉందో కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

మామ నిన్న సాయంత్రం వచ్చి ప్లేట్ల కింద నీడలో చాలాసేపు నిలబడ్డాడు. వేసవిలో తన రెండో బోరు మోటారు రెండుసార్లు కాలింది. "ఈ ప్లేట్లు నాకైతే ఎన్ని కావాల్నో లెక్క గట్టు" అన్నాడు. పదకొండెకరాలకు గీసి ఇచ్చాను. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "మబ్బు పడితేనో?" అని మళ్లీ అడిగాడు.